పడుగు కింద దారి

ఆ పొద్దున మద్దయ్యకు రెండు పనులు ఒకేసారి మీద పడ్డాయి. ఇంట్లో పెండ్లాం హనుమమ్మ నొప్పులు పడుతోంది. వీధిలో పడుగు, మగ్గానికి ఎక్కించాల్సిన నిలువు నూలు, చాచి ఉంది.

గంజి రాత్రే కాచి పెట్టారు. నొప్పులు రాత్రే మొదలవుతాయని ఎవరికీ తెలియదు. ఇంకా నెల ఉందన్నారు. కోడికూతకు నూలు చాచి, కట్టెల మీద నిలిపి, గంజి తడి పెట్టాక ఇక ఆగడానికి లేదు. కుంచెతో దువ్వుతూ ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూనే ఉండాలి. ఆపితే పోగుకు పోగు అతుక్కుని పడుగంతా అట్టకడుతుంది. పైగా పడమట మబ్బు లేస్తోంది. మద్దయ్య నడుస్తున్నాడు. ఇంటి ముందుకు వచ్చినప్పుడల్లా లోపలి మూలుగు వినబడుతుంది. నాలుగు అడుగులు దాటితే వినబడదు. వినబడినప్పుడు తొందరగా దాటిపోతున్నాడు. వినబడకపోతే తొందరగా తిరిగి వస్తున్నాడు.

మగ్గాలవీధి ఇరుకు. పడుగు ఒక కొస కోమటి గోడకు, రెండో కొస వాగువంక గట్టున పాతిన రాతికి కట్టి ఉంది. రోడ్డు నుంచి వచ్చే సందు వీధికి నడుమ కలుస్తుంది. ఆ సందుకు ఎదురుగా, పడుగుకు అవతల, మద్దయ్య ఇల్లు.

పడుగును దాటకూడదు. దాటడం నేతగాని తల మీద కాలు పెట్టడమే. కింద నుంచి వంగి పోవచ్చు. వీధిలో వాళ్ళు అడగకుండానే వంగి పోతారు. బయటివాళ్ళు మాత్రం, ఎవరో ఒకరు "వంగి రాండి" అని పిలిచిందాకా అవతలే నిలబడాలి. పిలవనిదే వంగితే ఆ బట్ట కలిసిరాదంటారు. ఇక రెడ్డిని, కరణాన్ని, అమీనును వంగి రమ్మనకూడదు. అనే మొనగాడు ఆ వీధిలో పుట్టలేదు. అలాంటివాళ్ళు ఆ వేళకు ఆ వీధికి రారు. కాబట్టి ఆ రెండు కట్టడులకూ ఎన్నడూ తగవు రాలేదు.

ఎండ ఇంటి కప్పు మీదికి వచ్చేసరికి మంత్రసాని బయటికి వచ్చి చేతులు కడుక్కుంది.

"నా చేతిలో లేదప్పా. బిడ్డ అడ్డం తిరిగింది. పట్నంలో డాక్టరు దొరసాని ఉండాది కదా, పిలిపించుకో."

యుద్ధం ముగిసి, పెద్ద జ్వరాలు వచ్చి పోయిన మరుసటేడు అది. ఆ జ్వరాల్లో మిషన్ ఆసుపత్రి దొరసాని పల్లెలన్నీ తిరిగిందని చెప్పుకున్నారు. మగ్గాలవీధికి మాత్రం రాలేదు. పిలిచినవాళ్ళు లేరు.

మద్దయ్య పెదనాయన వెంకటప్ప అరుగు మీద కూర్చుని ఆసుకు నూలు చుడుతున్నాడు. వీధికి పెద్ద. చెయ్యి ఆపకుండానే నవ్వాడు.

"తెల్లామెనా? పిలువు. వస్తాది. వాకిట్లో నిలబడి ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటాది. పోతాది."

"నీకెట్ల తెలుసు పెద్దనాయనా?"

"నాకు తెలీకపోతే ఎవురికి తెలుస్తాదిరా? పెద్ద కరువులో దొరల కరువు పనికి రాళ్ళు కొట్టను పోయినా కదా. మా నాయన నేసిన పంచె మడిచి దొరకు ఇయ్యబోతి. చేత్తో ముట్టలేదు. కర్ర కొసతో ఎత్తి అవతల పారేసి నగినాడు. ఆ పొద్దే తెలిసిపోయె. అది తోలుతో పుట్టిన గుణం. కడిగితే పోయేది కాదు."

పొరుగింటి భీమక్కకు నోరు ఆగదు. "ఆ కర్ర నీ కడుపులో ఏమన్నా దిగబడిందా మామా? ఇన్నేండ్లాయె, ఇంకా పీక్కుంటాండావు. పిలవనీ పిల్లోన్ని."

మద్దయ్య నాగన్నను పట్నానికి ఉరికించాడు. నాగన్న భీమక్క మొగుడు. కాలు చురుకు. మద్దయ్య మళ్ళీ కుంచె పట్టుకున్నాడు. పిలిచాడే గానీ, పెదనాయన మాట మీద అతనికీ నమ్మకమే. వస్తుందని నమ్మలేదు. వచ్చినా ముడుతుందని నమ్మలేదు.

దొరసాని వచ్చింది. నాగన్న పరుగు పెట్టినంత తొందరగానూ వచ్చింది. బండి సందులో పట్టలేదు. దిగి, తోలుసంచి తానే మోసుకుంటూ, టోపీ కింద ఎర్రబడిన ముఖంతో సందు చివరకు నడిచి వచ్చి, పడుగు ముందు ఆగిపోయింది. ఆమె పేరేమిటో ఆ వీధిలో ఎవరూ అడగలేదు.

ఆమెకు తెలుగు వచ్చు. పుస్తకం తెలుగు. ఈ సీమకు వచ్చిన కొత్తలో ఒక రైతు ఇంట్లో పురుడు పోసింది. కత్తెర మరిచిపోయి తిరిగి వెళ్తే, ఆడవాళ్ళు పేడనీళ్ళతో ఇల్లంతా కడుగుతున్నారు. తాను కూర్చున్న చాప పెంటదిబ్బ మీద ఉంది. అప్పటి ముసలి దొరసాని ఈమెకు చెప్పింది: వీళ్ళకు మనం అంటు. తరతరాల నుంచి అంతే. మారరు. పిలిస్తే వెళ్ళు, చూపించినచోట కూర్చో, చొరవ చేయకు. ఆ మాట ఈమె గట్టిగా పట్టుకుంది. పట్టుకున్నాక ఎవరి ముఖంలోకీ సరిగా చూడడం మానుకుంది.

బండి తోలే ఏసన్న ఆమె వెనక నిలబడ్డాడు. మాలవాడలో పుట్టినవాడు. చిన్నప్పుడు ఇదే వీధిలో, ఇలాంటి పడుగు నీడ తొక్కాడని రాళ్ళతో కొట్టించుకున్నాడు.

"ఏసన్నా, మనలను పిలిపించినది వీరేనా?"

"ఆ కుంచె పట్టుకున్నాయన ఇల్లే అమ్మా."

"మరి ఏల రమ్మనుట లేదు?"

ఏసన్న తల గోక్కున్నాడు. "రమ్మంటారు లేమ్మా. వాళ్ళ నూలు కదా. మనం అంటుకుంటే…" అని ఆపాడు.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. మర్యాదకే వేసింది.

ఆ అడుగును వీధి అంతా చూసింది.

"చూస్తిరా?" అన్నాడు వెంకటప్ప. "ఎనక్కి జరిగె. మూతి చూడండి ఎట్ల బిగించిందో."

"మొగం కాలిపోతాండాది మామా, ఎండకు," అన్నది భీమక్క.

"ఎండకు కాదే. అసహ్యానికి."

నాగన్న రొప్పుతూ అవతలి వైపే నిలబడి ఉన్నాడు. దొరసాని చేతిలో సంచి బరువుగా ఉంది. అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేతగాని చెయ్యి తగిలితే ఏమంటుందో అని. ఆమె ఆ చెయ్యి వెనక్కి పోవడం చూసి, సంచిని ఇంకొంచెం తన వైపుకు లాక్కుంది. ముట్టుకోవడానికి వీళ్ళకు రోత అని.

లోపల హనుమమ్మ అరిచింది. మద్దయ్య కుంచె ఒక క్షణం నిలిచింది.

"వంగి రమ్మని చెప్పేదా పెద్దనాయనా?"

"చెప్పు. దొరసానిని నా నూలు కింద వంగు అని చెప్పు. రేపు పోలీసోడు వచ్చి మనందర్నీ వంగబెడతాడు."

"పోనీ, పడుగు దించితే?"

"తడి పడుగు మట్టిలో దించి? బూట్లతో తొక్కిపోతాది. అదీ అయిపోనీ."

"వంక పక్క నుంచి తిప్పుకోని రానా?" అన్నాడు నాగన్న అవతల నుంచి.

"పెంటదిబ్బల్లో తిప్పుతావా దొరసానిని? నీ తెలివి తెల్లారినట్టే ఉండాది. ఆమెకు రావాలని ఉంటే ఆమే ఏదో ఒకటి అంటాది. ఇష్టం లేనోళ్ళను ఏమని పిలుస్తాం?"

మాట ఎవరూ ఎత్తలేదు. పడుగుకు ఈ వైపు వాళ్ళు ఆ వైపు ముఖం చూశారు. ఆ వైపు ఆమె ఈ వైపు చూడకుండా నూలు వైపే చూసింది. నూలు వైపు చూస్తే, ఎంత ముతకగా ఉందో అని చూస్తోందనుకున్నారు. గొడుగు విప్పింది. ఇక్కడే ఉండదలుచుకుంది, లోపలికి రాదు అనుకున్నారు. గొడుగు మూసింది. పోబోతోంది అనుకున్నారు. మద్దయ్య కోమటి గోడ దాకా నడిచాడు, వంక దాకా నడిచాడు. వచ్చేటప్పుడు ఆమె కాళ్ళు చూశాడు. పోయేటప్పుడు ఆమె కాళ్ళు చూశాడు. అవి కదలలేదు. ఒకసారి ఆమె నోరు తెరిచింది. అప్పుడే మద్దయ్య తల తిప్పుకున్నాడు, తిడుతుందేమోనని. ఆమె నోరు మూసుకుంది. నీడ సందు గోడ దిగి నేల మీదికి జారింది.

హనుమమ్మ తల్లి సుబ్బక్క అంతసేపూ లోపలే ఉంది. ఆమెదీ నేసే కులమే. ఆలూరు దిక్కు పల్లె. కరువులో మగ్గం పోగొట్టుకుని కూలి సేద్యంలో పడ్డ ఇల్లు. కాన్పుకు సాయంగా వచ్చింది. అల్లుడి ఎదుట పడేది కాదు, గడప అవతల నుంచే మాట్లాడేది. కాగిన నీళ్ళ కోసం బయటికి వచ్చి, సందు మొగదల తెల్లని మనిషిని చూసింది.

"ఎప్పుడొచ్చింది ఈమె?"

మద్దయ్య కుంచె ఆడిస్తూనే ఉన్నాడు. భీమక్క మాత్రం, "శానా సేపాయెనత్తా," అన్నది.

సుబ్బక్క కొంగు తల మీద నుంచి జారింది. సర్దుకోలేదు. పడుగు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమమ్మా! ఎందుకు ఆడ్నే నిలబడినావు?"

"మీరు పిలువలేదు," అన్నది దొరసాని. "నేను లోనికి వచ్చుట మీకు ఇష్టము లేదేమో అని…"

"నా బిడ్డ సస్తాంటే ఇష్టమేంది?" సుబ్బక్క వీధి వైపు తిరిగింది. "మరి మీరు? మీ నోట్లో గంజి గడ్డకట్టిందా?"

"దొరసాని వంగుతాదో లేదోనని…" అన్నాడు మద్దయ్య.

"అడిగితివా?"

అతను అడగలేదు. వెంకటప్ప ఏదో అనబోయాడు. సుబ్బక్క అతని వైపు చూడలేదు. వంగి, పడుగు కింద భుజం పెట్టి, నూలునంతా ఒక్క ఎత్తు ఎత్తింది. కట్టెలు పడిపోయాయి. గంజి ఆమె జుట్టు మీద, మెడ మీద కారింది.

"రా తల్లీ. వంగి రా."

దొరసాని వంగలేదు. మోకాళ్ళ మీద పడి, సంచిని ముందుకు తోసుకుంటూ, పాకుతూ వచ్చింది. టోపీ నూలుకు తగిలి కింద పడింది. దాన్ని వదిలేసింది. గుప్పెడు పోగులు తెగాయి. గడప దాటేటప్పుడు ఆమె చేతులు వణుకుతున్నాయి. మద్దయ్య చూశాడు. అంతసేపూ ఆమె మూతిలో తాను చూసిన బిగువు అసహ్యం కాదని, భయమేనని అప్పుడు తెలిసింది. తెలిసి లాభం లేదు.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. బతికింది. రక్తం మాత్రం ఆగలేదు. దొరసాని మోచేతుల దాకా రక్తంలో ఉండి చేయగలిగినదంతా చేసింది. ఒకసారి కేకవేసి గుడ్డలు అడిగింది. భీమక్క తన పెట్టెలోని పెండ్లిచీర తెచ్చి ఇచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి హనుమమ్మ పోయింది.

"ఒక గంట ముందుగా అయితే…" అన్నది దొరసాని సుబ్బక్కతో. మిగతాది అనక్కరలేదు. ఆ గంట ఎక్కడ పోయిందో వీధిలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

వాన రాలేదు. మబ్బు ఆదోని దిక్కుకు పోయింది. ఎత్తినచోట కుప్పగా పడిన పడుగు ఎండకు కట్టెలా బిగిసిపోయింది.

శవం లేచాక ఆడవాళ్ళు పేడనీళ్ళు కలిపారు. దొరసాని అప్పటిదాకా సందు అవతల రోడ్డు మీద బండిలో కూర్చునే ఉంది. పోవడానికి మనసు రాలేదు, దిగి రావడానికీ రాలేదు. కుండలు మోసుకుపోతున్న ఆడవాళ్ళను చూసింది.

"చూచితివా ఏసన్నా," అన్నది.

"చూసినానమ్మా," అన్నాడు ఏసన్న. ఎద్దులను అదిలించాడు.

అరుగు మీద వెంకటప్ప అన్నాడు: "నేను చెప్పలేదా? మనిషి సస్తాంటే గూడ అంతసేపు నిలబడి చూసింది. ఆ జాతి అంతే."

హనుమమ్మ చావు ఇద్దరికీ సాక్ష్యం పలికింది. ఇద్దరూ తమ మాటే నిజమైందని ఇంటికి పోయారు.

పురిటిమైల తీరాక దొరసాని బిడ్డను చూడడానికి మళ్ళీ వచ్చింది. ఈసారి సందులో రాలేదు. వీళ్ళకు ఇబ్బంది ఎందుకని బండి దూరంగా ఆపి, వంక గట్టు మీదుగా, నాగదాళి ముళ్ళలో, పెంటదిబ్బల మధ్య నుంచి నడిచి వచ్చింది. గౌనుకు ముళ్ళు. బూట్లకు పేడ. ఆ రోజు వీధిలో పడుగే లేదు.

"మన సందు కంటే పెంటదిబ్బ మేలనుకున్నట్టుండాది," అన్నది భీమక్క. భీమక్క కూడా అన్నది.

సుబ్బక్క వాకిట్లో మూట కట్టుకుంటోంది. బిడ్డను చాట మీద పడుకోబెట్టి ఉంది. దొరసాని వంగి చూసింది, చెయ్యి చాచలేదు.

"ఎత్తుకుంటే ఏమవుతాది?" అన్నది సుబ్బక్క.

"నేను పోయిన పిమ్మట మీరు ఇల్లు కడిగితిరి."

సుబ్బక్క మూట వదిలి ఆమె ముఖంలోకి చూసింది.

"పురిటిల్లు కడగరా? చచ్చిన ఇల్లు కడగరా? మీ దేశంలో అట్లే పెట్టుకుంటారా? మా మంత్రసాని పోయినా కడుగుతాం. నేనే కానుపు చేసినా కడుగుతాం. పురిటి చాప ఎవురిదైనా పెంట మీదికే పోతాది. దానికి నీ రంగేంది, నా రంగేంది?"

దొరసాని ముఖం తెల్లబోయింది. ఉన్న తెలుపు మీద ఇంకో తెలుపు. "నాకు ఎవరును చెప్పలేదు," అన్నది.

"తెలీకపోతే అడగాల. నోరుండాది. తెలుగొస్తాది. నీ నోరు, వీళ్ళ నోళ్ళు, అన్నీ ఉండి నా బిడ్డను పొట్టన పెట్టుకుంటిరి. నువ్వు మంచిదానివే. కాదనను. మంచిదానివై ఏం చేస్తివి? నిలబడితివి."

బిడ్డను ఎత్తి కొంగులో కట్టుకుంది. మద్దయ్య అడ్డం వచ్చాడు.

"బిడ్డను ఈడ్నే ఉంచత్తా. నేను సాక్కుంటా."

"నీకు బిడ్డ యాడిది? నీకు పడుగుండాది, నడువు దాని ఎంట. ఎనుము పాలు పోసి నేను సాక్కుంటా. మా ఊర్లో ఇంటికీ ఇంటికీ నడుమ దారం లేదు."

వంక దాటి పోయింది. వెనక్కి చూడలేదు. దొరసాని ఎవరూ చెప్పకుండానే సందు దారిన బండి దగ్గరికి పోయింది.

జొన్న కోతల ముందు వెంకటప్ప కోడలు సుంకులమ్మకు నొప్పులు వచ్చాయి. మంత్రసాని మళ్ళీ చేతులు కడుక్కుంది. దొరసానిని పిలుద్దామన్నది మద్దయ్యే. వెంకటప్ప వద్దనలేదు, పిలవమనీ అనలేదు. వీధిలో చాచి ఉన్నది ఈసారి వెంకటప్ప పడుగే. గంజి తడి మీద ఉంది.

సందు అవతల రోడ్డు మీద బండి ఆగింది. దొరసాని వచ్చి పడుగు ముందు ఆగింది. సంచి చేతిలో ఉంది. పెదవులు బిగిసే ఉన్నాయి. వెంకటప్ప కుంచెతో కోమటి గోడ వైపు నడవడం మొదలుపెట్టాడు.

మద్దయ్య అరుగు దిగాడు. పడుగు కింద రెండు చేతులూ పెట్టి ఎత్తాడు.

"వంగి రాండమ్మా," అన్నాడు. గొంతు పెద్దగా వచ్చింది. తిట్టినట్టు వచ్చింది.

దొరసాని టోపీ తీసి చేత పట్టుకుంది. వంగింది. ఇవతలికి వచ్చి నిటారుగా నిలబడి, "ఏ ఇల్లు?" అని అడిగింది. నాగన్న సంచి అందుకున్నాడు. ఇచ్చింది.

వెంకటప్ప గోడ దగ్గర నుంచి తిరిగి వచ్చాడు. "వంగకుండా ఏం చేస్తాది. పని కాబట్టి వంగింది," అన్నాడు కుంచె ఆడిస్తూ. "లోపలి గుణం యాడికి పోతాదిరా?"

"లోపల ఏముండాదో నాకెందుకు పెద్దనాయనా. రమ్మంటిని. వచ్చింది. నీ లోపల ఏముండాదో నాకు తెలుసా? నా లోపల ఏముండాదో నీకు తెలుసా? ఈ మాట పోయినసారి నువ్వు అననిస్తివా? నేను అంటినా?"

ముసలివాడు కుంచె సరిచేసుకున్నాడు. పడుగు ఆరిపోతోంది. నడిచాడు.

సుంకులమ్మ బతికింది. మగబిడ్డ. పోయేటప్పుడు దొరసాని మళ్ళీ పడుగు ముందు ఆగింది. పిలిచిందాకా ఆగింది. మద్దయ్య మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పిలిచాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా ఆమె ఆగేది, అతను పిలిచేవాడు. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఏమీ పుట్టలేదు. ఆమెను చూస్తే అతనికి ఆ పొద్దున గుర్తుకొచ్చేది. అతన్ని చూస్తే ఆమెకూ అంతే.

కోతలయ్యాక మద్దయ్య ఆలూరు దిక్కు పల్లెకు పోయాడు. సుబ్బక్క గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. బిడ్డ గోనె మీద బోర్లాపడి ఉంది. తలెత్తి చూసింది. తల్లి కళ్ళు.

మద్దయ్య దూరంగా కూర్చున్నాడు. సుంకులమ్మ కాన్పు సంగతి చెప్పాడు. తానే పడుగు ఎత్తానని చెప్పాడు. దొరసానిని వీధి అందరి ఎదుటా వంగి రమ్మన్నానని, ఆమె వంగిందని చెప్పాడు.

సుబ్బక్క చాట ఆపలేదు.

"ఇప్పుడు పిలిస్తివా," అన్నది.

చాట పక్కన పెట్టి, లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది. బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయింది.

మద్దయ్య నీళ్ళు తాగి లేచాడు.